మూడు రోజుల ఆలస్యానికి సంజాయిషీ

“హరిత పేరు ఉండాది మా. కానీ తీసుకున్నోళ్ల లిస్టులో కాదు... తీసేసినోళ్ల లిస్టులో ఉండాది” అన్నాడు లోకేష్ వంటింటి గడప దగ్గర నిలబడి, చేతిలోని ఫోను వైపే చూస్తూ.

రాగిసంగటి కెలుకుతున్న మునిలక్ష్మి చేయి ఆగిపోయింది. కొడుకు మదనపల్లె టమాటా మండీలో పని చేస్తాడు. తెల్లవారకముందే పుంగనూరులో బస్సెక్కి, మధ్యాహ్నానికి తిరిగొస్తాడు. వస్తూ వస్తూనే “ఆకలేస్తాంది మా” అనే మనిషి ఈరోజు చెప్పులైనా విప్పకుండా నిలబడ్డాడంటేనే ఆమెకు సగం అర్థమైంది. మిగతా సగం... అయ్యో, ఆ మిగతా సగం ఆమెకు రెండు నెలలుగా తెలుసు! ఈ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు!

“యాల తీసేసినారంట?” అంటూ హరిత పెరట్లో నుంచి తడి చేతులతో వచ్చింది.

“గడువు దాటినాక అందిందంట. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా చేరాల్సింది శనివారం చేరిందంట.”

హరిత ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. మొగుడి చేతిలోని ఫోను తీసుకుని ఆ వరుసను రెండుసార్లు చదివింది. తర్వాత దాన్ని జాగ్రత్తగా అలమరలో పెట్టి, గడప మీద కూర్చుంది. అయిదేళ్ల శ్రుతి వచ్చి మెడ పట్టుకుని వేలాడినా ఆమెకు తెలియలేదు. అడుగంటిన సంగటి వాసన ఇల్లంతా నిండింది. పొయ్యి ఆర్పాలని మునిలక్ష్మికి తోచనే లేదు.

అది హైకోర్టులో లా క్లర్కు ఉద్యోగం. గొప్ప జీతం కాదు, పర్మనెంటూ కాదు. ఏడాది, మహా అయితే ఇంకో ఏడాది. కానీ హరితకు దాని మీద ఎంత ఆశ! “జడ్జిగారు అప్పీలు వినకముందే ఆ కాగితాల కట్టలన్నీ మనం చదవాలత్తా. కింది కోర్టులో ఏం జరిగింది, ఎవరేం సాక్ష్యం చెప్పినారు, తీర్పులో యాడ తప్పుండాది అని రెండు పేజీల్లో రాసియ్యాల. ఆ ఏడాదిలో నేర్చుకునేది బయట పదేళ్లు తిరిగినా రాదు” అని వేసవిలో మిద్దె మీద వడియాలు పెడుతూ ఎన్నిసార్లు చెప్పిందో! ముప్పై ఏళ్లు నిండనివాళ్లే పెట్టుకోవాలి. వచ్చే కార్తీకంలో హరితకు ముప్పై నిండుతాయి. పెళ్లయి, పాప పుట్టాక, తిరుపతి హాస్టల్లో ఉండి మూడేళ్లు లా చదివిన పిల్లకు మిగిలింది ఆ ఒక్క అవకాశమే. వచ్చే ఏడాది మళ్లీ పిలిచినా, పిలుపు ఆమెకు కాదు.

ఆ మూడేళ్లూ పాపను చంకనేసుకుని పెంచింది ఎవరనుకున్నారు? ఈ మునిలక్ష్మే! “కోడల్ని హాస్టల్లో పెట్టి చదివిస్తారా యాడన్నా” అని వీధి వీధంతా మూతి విరిస్తే, “నా కోడలు చదువుతాది, మధ్యలో నీకేమి నొప్పి?” అని అందరి నోళ్లూ మూయించింది కూడా ఈ మునిలక్ష్మే! మరి అలాంటి మనిషి చేతుల మీదుగానే ఇంత పని జరిగిపోతే ఏమనాలి... ఎవరిని అనాలి?

లోకేష్ ఇంకా కోపంతో ఊగిపోతున్నాడు. “నేను వస్తా వస్తా పోస్టాఫీసుకు పోయినా. కౌంటర్లో భారతి అని కొత్తగా చేరిన పిల్ల ఉండాది గదా, ఆ పిల్లనడిగినా. కంప్యూటర్ చూసి, బుధవారం మూడున్నరకు బుక్కయినట్టుండాది అంటాది. మా యమ్మ సోమవారమే ఇచ్చింది గదా అంటే, మీ యమ్మనే అడుగన్నా అనింది. నిన్నడిగేదేముండాది మా? సోమవారం తీసుకొని యాడో పడేసి, బుధవారం కనబడితే ఎక్కించింటాది. కంప్యూటర్ మాట నమ్మాల్నా నేను, మా యమ్మ మాట నమ్మాల్నా?”

కొడుకు తిట్టినా మునిలక్ష్మి ఓర్చుకునేది. ఈ నమ్మకాన్ని ఎలా ఓర్చుకునేది?

రెండు నెలల కిందటి ఆ సోమవారం ఆమె కళ్ల ముందే ఉంది. కుప్పంలో హరిత నాన్న ముద్దుకృష్ణ పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేస్తూ షెడ్డులో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడని పొద్దున ఎనిమిదింటికి ఫోను వచ్చింది. ఆపరేషన్ చెయ్యాలట. హరిత గబగబా వంట ముగించి, బట్టలు సర్దుకుని, పాపను తయారు చేసింది. బయలుదేరే ముందు అంటించిన పెద్ద కవరు తెచ్చి అత్త చేతుల్లో పెట్టింది. “అత్తా, ఈపొద్దే స్పీడు పోస్టులో వేసి రసీదు తీసుకో. శుక్రవారం లోపల చేరాల. నీ చేత్తో వెయ్యి” అంది. “అట్లే మా, నువ్వు పో, మీ నాయన్ను చూసుకో” అని మునిలక్ష్మి ధైర్యం చెప్పి పంపింది.

కోడలు వీధి మలుపు తిరిగాక క్యాలెండరు చూసింది. ఆషాఢ అమావాస్య! ఇంత పెద్ద పనికి అమావాస్య పూట కాలు బయట పెడతారా ఎవరైనా? మరునాడు మంగళవారం, పైగా పాడ్యమి. బుధవారం విదియ, ఏ వంకా లేని మంచి రోజు. కవరును పసుపు రాసిన పీట మీద, గంగమ్మ పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది. లోకేష్ మండీ నుంచి నేరుగా మామ దగ్గరికి వెళ్లి మూడు రోజులు అక్కడే ఉండిపోయాడు కాబట్టి ఇంట్లో అడిగేవాళ్లు లేరు. ఆ సాయంత్రం హరిత కుప్పం నుంచి ఫోను చేసి, “పోస్టు చేసినావా అత్తా?” అంటే, “చేసినా మా” అని నోటి నుంచి జారిపోయింది. ఎలాగూ వెయ్యబోయేదే కదా, ఆసుపత్రిలో ఉన్న పిల్లను కంగారు పెట్టడం దేనికి అనుకుంది. అబద్ధం ఆడానని కూడా ఆమెకు అప్పుడు అనిపించలేదు!

బుధవారం పోస్టు చేసింది. అప్పటికి మూడున్నర. “పెద్దమ్మా, బ్యాగు రెండింటికే పోయిందే. ఇది రేపు పోతాది” అని ఆ భారతి మంచిగానే చెప్పింది. రసీదు మీద తేదీ ఉంది కదా... ఇంటికొచ్చి దాన్ని పొయ్యిలో వేసేసింది. హరిత వచ్చి అడిగితే, “యాడనో పడిపోయినట్టుండాది మా” అంది. “పోనీలే అత్తా, చేరింటాది” అని ఆ పిచ్చితల్లి ఇంకో మాట అడగలేదు.

ఆ తర్వాత రెండు నెలలు! ఇంటర్వ్యూలో ఏమడుగుతారో అని హరిత పెరట్లో అటూ ఇటూ నడుస్తూ పాఠం అప్పజెప్పుకుంటుంటే, వంటింట్లో ఈమెకు ముద్ద దిగేది కాదు. చేరే ఉంటుందని ఒక మనసు, చేరి ఉండదని ఒక మనసు. గంగమ్మ గుడికి వెళ్లి, ఏం మొక్కుకోవాలో తెలియక ఊరికే నిలబడి వచ్చేది. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచిందో! తెరిచిన ప్రతిసారీ “ఉప్పు సరిపోయిందా మా?” అనే మాటే వచ్చేది.

సాయంత్రం హరిత తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసింది. కోపంలో కూడా ఆ పిల్ల రాత ముత్యాల్లా ఉంది. సోమవారం ఇచ్చిన కవరును కౌంటర్లోని ఉద్యోగి రెండు రోజులు పక్కన పెట్టిందని, దానివల్ల తన దరఖాస్తు తిరస్కరించారని, విచారణ జరిపి ఆమె మీద చర్య తీసుకోవాలని.

“ఆ పిల్లది కాంట్రాక్టు ఉద్యోగమంట. పోతే పోనీ. మన ఉద్యోగం పోలేదా?” అన్నాడు లోకేష్.

“రసీదు లేదు గదా. అందుకని పోస్టు చేసిన మనిషి రాతపూర్వకంగా చెప్పాల. ఈడ సంతకం పెట్టత్తా” అని హరిత పెన్ను అందించింది.

మునిలక్ష్మి చదువుకున్నది నాలుగో తరగతి. సంతకం పెట్టడం మాత్రం బాగా వచ్చు. పెన్ను పట్టుకుంది. కాగితం మీద మొదటి అక్షరం కూడా పడలేదు. ముక్కూ మొహం తెలియని ఆడపిల్ల... తన పని తాను చేసుకున్న పిల్ల... “రేపు పోతాది పెద్దమ్మా” అని నెమ్మదిగా చెప్పిన పిల్ల! ఒక బిడ్డ బతుకు పాడు చేసింది చాలదా? ఇప్పుడు ఇంకో బిడ్డ బతుకు మీద కూడా చెయ్యి పెట్టాలా?

“నేను పెట్టను” అంది.

“యాల మా?” అన్నాడు లోకేష్.

“ఆ పిల్ల తప్పేమీ లేదు నాయినా. కంప్యూటర్లో ఉండేదే నిజం. నేను బుధవారమే ఇచ్చినా.”

లోకేష్ ముందు నవ్వబోయాడు. తల్లి ముఖం చూసి ఆగిపోయాడు. తర్వాత లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. హరిత మాత్రం కదల్లేదు. పెన్ను మూత పెట్టి, ఎంతో మెల్లగా అడిగింది.

“గడువు దాటిన అప్పీలును కోర్టు తీసుకోవాలంటే, ఆలస్యాన్ని మన్నించమని ఒక అర్జీ పెట్టుకోవాలత్తా. దాంట్లో ఒక్కో రోజుకూ కారణం చూపాల. అన్ని రోజులకూ చూపించి ఒక్క రోజుకు చూపించకపోయినా కొట్టేస్తారు. నువ్వు చెప్పు. సోమవారం యాల వెయ్యలేదు?”

“అమావాస్య మా.”

“మంగళవారం?”

“పాడ్యమి. పాడ్యమీ మంగళవారమూ కలిసొచ్చె. వేరేవాళ్ల చెయ్యి అయితే ఏమో గాని... బొట్టు లేనిదాని చెయ్యి నాది. మీ మామ పోయినప్పటి నించి ఏ శుభానికీ నన్ను ముందుకు రానిచ్చింది లేదు. నా చెయ్యి ఎట్లాగూ మంచిది కాదు, దినమన్నా మంచిది గావాల అనుకుంటి హరితా.”

హరిత ముఖం ఒక్క క్షణం కరిగింది. కానీ ఆమె లా చదివింది. వదల్లేదు.

“సరే. బుధవారం విదియ, మంచిరోజు. పోస్టాఫీసు పదింటికి తీస్తారు. పదింటికి ఇచ్చింటే రెండింటి బ్యాగులో పోయేది, శుక్రవారానికి చేరేది. మూడున్నర దాకా ఏం చేస్తివత్తా?”

తలనొప్పి అని చెప్పవచ్చు. వాన అని చెప్పవచ్చు. ఇంతకాలం తనకు తాను కూడా అమావాస్య పేరే చెప్పుకుంటూ వచ్చింది కదా! ఆ పిల్ల కళ్లలోకి చూశాక ఇక అబద్ధం రాలేదు.

“ఊరికే కూర్చోనుంటి.”

“యాడ?”

“ఈడనే. కవరు ఒళ్లో పెట్టుకొని. అంతకు వారం ముందు నువ్వూ వాడూ మిద్దె మీద మాట్లాడుకుంటాంటే విన్యా. పాపను హైకోర్టుండే ఊళ్లోనే బడిలో వేస్తామని, వాడు గూడా ఆ పక్కనే ఏదో మండీలో పని చూసుకుంటాడని. నా మాట ఒక్కసారన్నా వస్తాదేమో అని మెట్ల కింద నిలబడి చివరిదాకా విన్యా. రాలేదు మా. ఆ బుధవారం కవరు తీసుకొని లేచినా. ఇది పోతే వీళ్లు పోతారు, ఇది పోకపోతే ఈడనే ఉంటారు అని ఒక పాడుబుద్ధి పుట్టె. పాపిష్టిదానా, పిల్ల బతుకుతో ఆటలా అని ఇంకో బుద్ధి. అట్లనే కూర్చుంటి. మూడు గొట్టినాక లేచి పరిగెత్తినా. బ్యాగు పోయిందని ఆ పిల్ల చెప్పింది. ఇంటికి తిరిగొస్తాంటే నాకు ఏడుపు రాలేదు హరితా. అదే నా పాపం. నాకు... కొంచెం నెమ్మదిగా అనిపించింది.”

శ్రుతి పలక మీద ఏదో గీస్తూ, “అవ్వా, సూడు, కోడి” అంది. చూడటానికి అవ్వకు కళ్లు కనిపించలేదు.

హరిత ఫిర్యాదు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చింపేసింది. “అర్థమైందత్తా” అని లోపలికి వెళ్లింది. ఆ రెండు మాటలకన్నా చెంపదెబ్బ నయం!

మరునాడు పొద్దున్నే హరిత పాపను తీసుకుని కుప్పం వెళ్లిపోయింది. పోట్లాడి కాదు. “నాన్నకు నడక నేర్పియ్యాలంట, వారముంటా” అని మొగుడితో చెప్పి, అత్త వైపు చూడకుండా గడప దాటింది. లోకేష్ తల్లి వండిందే తిన్నాడు, తల్లి ఉతికిందే కట్టాడు, తల్లితో మాత్రం మాట్లాడలేదు. మునిలక్ష్మి ఒక్కతే పోస్టాఫీసుకు వెళ్లి కౌంటర్ ముందు నిలబడి, “నా కొడుకు నిన్ను ఏమన్నా అనింటే మనసులో పెట్టుకోవద్దు మా. తప్పు నాది” అంది. భారతి కంగారుపడి లేచి, “అయ్యో, కూర్చో పెద్దమ్మా” అని తన కుర్చీనే ఇవ్వబోయింది. ఆ మంచితనం కూడా ఆమెకు ముల్లులాగే గుచ్చుకుంది.

నాలుగో రోజు మునిలక్ష్మి ఒక నిర్ణయానికి వచ్చింది. రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. కలికిరిలో చెల్లెలు చిన్నమ్మ ఉంది, ఆమె పంచన ఇంత చోటు దొరక్కపోదు. ఏ ఒంటరితనానికి భయపడి ఇంత పాపం చేసిందో, ఆ ఒంటరితనాన్నే తలకెత్తుకుందామనుకుంది. పోయే ముందు ఒక్కసారి కోడలి కాళ్లు పట్టుకుని పోదామని కుప్పం బస్సెక్కింది. పలమనేరు దాటింది, వెంకటగిరికోట దాటింది. కిటికీలోంచి ఏం చూసిందో ఆమెకే తెలియదు. ఏం చెప్పాలో కూర్చుకున్న మాటలన్నీ బస్సు దిగేసరికి మర్చిపోయింది.

ముద్దుకృష్ణ వరండాలో మంచం మీద, పక్కన నడక కర్రలతో ఉన్నాడు. వియ్యపురాలిని చూసి సంబరపడిపోయాడు. “రా సెల్లెమ్మా, రా. నువ్వే వచ్చినావా ఇంత దూరం? హరితా, మీ అత్త వచ్చింది సూడు.” హరిత నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది. “బాగుండావా అత్తా” అని నాన్న వినేలా అంది. అంతే.

“సూడు సెల్లెమ్మా, నీ కోడలు చేసిన పని” అని ముద్దుకృష్ణ మొదలుపెట్టాడు. “అంత చదువు చదివి, తేదీ సూసుకోవద్దా? నేనే లేటుగా పంపినా నాన్నా అని తీరిగ్గా చెప్తాది. నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వు బిడ్డ మాదిరి చదివిస్తివి, మూడేండ్లు దాని కూతురికి అమ్మవైతివి. ఆ కష్టానికన్నా విలువ లేదా? నాలుగు దినాలుగా తిడతానే ఉండాను. నోరు మూసుకొని పడతాది గాని ఒక్క మాట చెప్పదు.”

మునిలక్ష్మి చెంబు కింద పెట్టేసింది. నేనే లేటుగా పంపినా... అలా చెప్పిందా ఈ పిల్ల! నాలుగు రోజులుగా కన్నతండ్రి చేత తిట్లు తింటూ కూడా అత్త పేరు బయటపెట్టలేదా!

హరిత “నాన్నా, చాలు” అంది. ఆయన ఆగలేదు. “చాలేమి? అసలు సంగతి నీకు తెలీదు సెల్లెమ్మా. నాకు ఆపరేషన్ చేసిన దినం నా పక్కన కూర్చొని ఏమనిందో తెలుసునా? నాన్నా, ఆ పని వస్తే గిన మా అత్తను గూడా పిలుచుకపోతా, ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లు లేని ఇల్లు సూడమని ఆడుండే స్నేహితురాలికి చెప్పిపెట్టినా అనింది. నీకు చెప్పద్దనింది. పని కాకముందే చెప్పుకుంటే ఆ పని కాదంట. చదువుకున్నోళ్లకు గూడా ఈ నమ్మకాలేందో.”

ఇక నిలబడలేకపోయింది ఆ తల్లి! సంచి కింద పడేసి, ఆ వరండాలోనే కూలబడిపోయింది. మెట్ల కింద నిలబడి ఏ మాట కోసం చెవులు రిక్కించిందో, ఆ మాట వాళ్ల మనసులో ఉండనే ఉంది. పైకి చెప్పలేదు, అంతే! లేని ఒంటరితనానికి భయపడి, ఉన్న బిడ్డను కాలదన్నుకుంది కదా!

“అన్నా, తిట్టాల్సింది ఆ పిల్లను కాదు, నన్ను” అంటూ ముద్దుకృష్ణకు అంతా చెప్పేసింది. అమావాస్య చెప్పింది, పాడ్యమి చెప్పింది, బుధవారం పొద్దున ఒళ్లో కవరు పెట్టుకుని కూర్చున్నది కూడా ఏమీ దాచకుండా చెప్పింది. చెప్పకపోయినా ఎవరూ అడిగేవాళ్లు కాదు. హరిత ఎప్పటికీ బయటపెట్టేది కాదు. అయినా చెప్పింది. “నేను కలికిరికి పోతాన్నా, మా చెల్లెలు చిన్నమ్మ దగ్గరికి. వీళ్లు ముగ్గురూ బాగుంటే చాలు. ఈ ముఖం ఇంక ఆ ఇంట్లో చూపించలేను.”

“అమ్మా హరితా, మీ అత్తను లోపలికి పిలుచుకపో” అన్నాడు ముద్దుకృష్ణ. ఆయన గొంతులో కోపం ఉందో జాలి ఉందో తెలియలేదు.

హరిత అత్త చెయ్యి పట్టుకుని లేపి, వెనకాల షెడ్డులోకి తీసుకెళ్లింది. తట్టల్లో పురుగులు ఆకు తింటున్న చప్పుడు సన్నటి వానలా వినిపిస్తోంది. హరిత ఒక తట్ట మీద ఆకు పరుస్తూ మాట్లాడింది. ముఖం చూడలేదు.

“పోస్టాఫీసు బస్టాండు దారిలోనే గదత్తా ఉండాది. ఆ పొద్దు నా బస్సు పదిన్నరకు. నేను వేసిపోలేకనా నీకిచ్చింది?”

మునిలక్ష్మి కళ్లు తుడుచుకుని చూసింది. ఆ సంగతి ఆమెకు ఇన్నాళ్లూ తట్టనే లేదు. “మరి యాల ఇస్తివి?”

“శ్రుతికి అక్షరాభ్యాసం చేసిన దినం నువ్వు తలుపు వెనకాల నిలబడి చూస్తాంటివి. పాపను పెంచింది నువ్వు, పలక పట్టించింది మాత్రం ఇంకెవరో. ఆ పొద్దు నేను నోరు తెరవలేకపోతి. అప్పటి నించి అది నన్ను తినేస్తాండాది. నా పని ఒకటన్నా నీ చేత్తో మొదలు గావాలనుకుంటి. అమావాస్య అని నాకూ తెలుసు. తెలిసే ఇస్తి.” ఆకు పరుస్తున్న చేతులు ఆగాయి. “ఆ మాట నీకు నోటితో చెప్పింటే అయిపోయేది. నిన్ను పిలుచుకపోతామని చెప్పింటే అయిపోయేది. నేను చెప్పలేదు, నువ్వు అడగలేదు. నా తప్పు గూడా ఉండాదత్తా. కానీ రెండూ సమానమని నేను అనలేను.”

“సమానం కాదు మా. యాడ సమానం? నన్ను ఏమన్నా అను. కొట్టినా పడతా. ఆ ఉద్యోగం మాత్రం యాడి నించి తెచ్చియ్యను?”

“తేలేవు. అది పోయింది.” హరిత కళ్లల్లో అప్పుడు మొదటిసారి నీళ్లు తిరిగాయి. లిస్టు చూసిన రోజు రాని ఏడుపు, ఆ తట్టల మధ్య నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మునిలక్ష్మి దగ్గరికి పోవడానికి ధైర్యం చాలక, దూరంగా నిలబడీ ఉండలేక, ఉన్నచోటే అల్లాడిపోయింది. కాసేపటికి హరిత తనే ముఖం తుడుచుకుంది. “మదనపల్లెలో ఒక సీనియర్ మేడమ్ జూనియర్లను చేర్చుకుంటాందంట. పోయి అడుగుతా. అప్పీళ్లు రాకపోతే దావాలతోనే మొదలుపెడతా.”

“నన్ను క్షమిస్తావా హరితా?”

“తెలీదత్తా. కోపం ఉండాది. పొద్దన్నే లేస్తే ఉండాది, నిన్ను చూస్తే ఉండాది. కొన్నాళ్లు ఉంటాది. అది ఉన్నన్నాళ్లు నేను సరిగా మాట్లాడకపోతే ఓర్చుకో.” ఆమె చివరి తట్ట సర్ది పక్కన పెట్టింది. “కలికిరికీ పోవద్దు, యాడికీ పోవద్దు. చేసిందంతా చేసి నన్ను ఒక్కదాన్నే ఈ కోపంతో వదిలిపెట్టి పోతావా? నీ మీద కోపం నీ ముందరే పోవాల.”

మునిలక్ష్మి తల ఊపింది.

మధ్యాహ్నం వరండాలో అందరూ వరుసగా కూర్చున్నారు. ముద్దుకృష్ణ మంచం మీద, పాప అవ్వకు ఆనుకుని. అన్నం, చింతపండు చారు, అలసంద తాళింపు. రెండు నెలలుగా పిడికెడు కూడా సరిగ్గా తినని మునిలక్ష్మి, తనకు తెలియకుండానే కంచం ఖాళీ చేసింది. హరిత అత్త ముఖం చూడలేదు, అడగనూ లేదు. గిన్నె తెచ్చి రెండోసారి వడ్డించి, పక్కనే కూర్చుంది.